ఆదిలో హంసపాదు: పరిశోధన వ్యాసానికి చిత్తుప్రతి ఆవశ్యకత

‘ఆదిలోనే హంసపాదు’ అనే మాట లోకంలో అశుభసూచకంగా వాడుకలో ఉన్నది. తాటాకు మీదనో కాగితం మీదనో వ్రాస్తున్నపుడు ఒక అక్షరమో పదమో విడిచిపోతే, ఆ చోట హంస అడుగును పోలిన గుర్తు పెట్టి, విడిచిన భాగాన్ని పంక్తికి పైనగాని అంచునగాని చేర్చడం లేఖకుల ఆచారం. గ్రంథం మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పెట్టవలసి వస్తే వ్రాయసకానికి మనసు చివుక్కుమనడం సహజం. శుద్ధప్రతి విషయంలో ఆ సామెత న్యాయమే. చిత్తుప్రతి విషయంలో మాత్రం నా అభిప్రాయం దానికి సరిగా విరుద్ధం. పరిశోధన వ్యాసానికి ఆదిలోనే హంసపాదు పడవలె. పడకపోవడమే అశుభం. ఈ సంగతిని ప్రాచ్య కళాశాలల అధ్యాపక మిత్రులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొన్నేళ్లుగా విద్యార్థులూ, యువ అధ్యాపకులూ వ్రాసిన వ్యాసాలు పరిశీలన నిమిత్తం నా వద్దకు వస్తున్నవి. కాగితం తెల్లన, అక్షరం గుండ్రన, అంచులు సమానం. చదివి, ఒక సందేహం కలిగి, “నాయనా, దీని చిత్తుప్రతి ఒకసారి తెచ్చి చూపించు” అంటాను. చాలమంది తెల్లబోతారు. “నేరుగా కంప్యూటరులోనే వ్రాసినానండీ, చిత్తుప్రతి అంటూ వేరే లేదు” అంటారు. వారిలో అబద్ధమాడేవారు లేరు. శ్రమ చేయనివారు కూడ తక్కువే. కాని వ్యాసంలోని ఒక వాక్యం తాను చూచి వ్రాసినదో, ఒకరు చెప్పగా వ్రాసినదో, ఊహించి వ్రాసినదో చెప్పమంటే చెప్పలేరు. శుద్ధప్రతిలో ఈ మూడింటికీ ఒకే రంగు, ఒకే అక్షరం. వాటి భేదం తెలిసే చోటు చిత్తుప్రతి ఒక్కటే. అది లేకపోవడంతో భేదమే లేకుండా పోయినది.

చిత్తుప్రతి అనేది పాశ్చాత్య విద్యావిధానంతో వచ్చిన పద్ధతి అనీ, మన పూర్వులు ధారణబలంతో ఏకధాటిగా చెప్పుకొనిపోయినారనీ కొందరి అభిప్రాయం. ఇది సరికాదు. చిత్తుప్రతికి సంస్కృతంలో ‘పాండులేఖ’ అనే పేరున్నది. ధర్మశాస్త్రాలలోని వ్యవహార ప్రకరణం చూచినవారికి ఇది పరిచితమే. వాది తన అభియోగాన్ని సభలో చెప్పినపుడు దానిని ముందుగా పలక మీదనో నేల మీదనో సుద్దతో వ్రాయవలెననీ, ఎక్కువతక్కువలు సవరించిన తరువాతనే పత్రానికి ఎక్కించవలెననీ స్మృతికారులు విధించినారు. ప్రతివాది ఉత్తరం ఇచ్చేవరకే సవరణకు అవకాశం. ఉత్తరం వచ్చిన పిమ్మట పూర్వవాదాన్ని దిద్దరాదు. ఈ రెండవ నియమం పరిశోధకుడు హృదయంలో ఉంచుకోదగినది. అచ్చు కావడమంటే ప్రతివాది సభకు రావడమే. ఆ తరువాత చేసే సవరణ తప్పు దిద్దడం కాదు, తప్పు ఒప్పుకోవడమే. దిద్దుకొనే స్వాతంత్ర్యమంతా చిత్తుప్రతి కాలంలోనిదే.

కవిత్వం విషయంలో కూడ ఇట్లే. క్రీ.శ. 9వ శతాబ్ది చివరిభాగంలోనూ 10వ శతాబ్ది ఆరంభంలోనూ ఉన్న రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో కవికి ఎల్లపుడు అందుబాటులో ఉండవలసిన సామగ్రిని లెక్కపెట్టినాడు. పలక, సుద్ద, పెట్టె, కలాలు, సిరాబుడ్లు, తాటాకులు లేదా భూర్జపత్రాలు, ఇనుప గంటాలు, చివరకు వ్రాసుకోవడానికి బాగా తుడిచి నునుపు చేసిన గోడలు కూడ అందులో ఉన్నవి. ఆ గోడ మీద వ్రాసినది లోకానికి చూపడానికి కాదు గదా! తనకు తాను చూచుకొని తుడిచివేయడానికే. అతడు కవి దినచర్యను కూడ జాములుగా విభజించినాడు. రెండవ జామున కావ్యరచన, భోజనానంతరం గోష్ఠి, నాలుగవ జామున తానొక్కడుగనో కొద్దిమంది ఆప్తులతోనో ఉదయం వ్రాసినదాని పరీక్ష, సంధ్యావందనం తరువాత ఆ పరీక్షలో నిలిచినదాని లేఖనం. రచనకూ లేఖనానికీ నడుమ ఒక పరీక్షా కాలం ఉండడం గమనింపదగినది. దానికి అతడు చెప్పిన కారణం ఇంకా గొప్పది. రసావేశంలో వ్రాసేవానికి వివేచించే దృష్టి ఉండదట. అందుచేత తరువాత పరీక్షించుకోవలె. ఆ పరీక్షలో చేయవలసిన పనులు నాలుగు: అధికమైనది తీసివేయడం, కొరవడినది పూరించడం, తప్పు స్థానంలో ఉన్నదానిని మార్చడం, మరచినదానిని జ్ఞాపకం చేసుకొని చేర్చడం. చిత్తుప్రతి ఎట్లా దిద్దవలెనో చెప్పడానికి ఇంతకంటె సంగ్రహమైన సూత్రం నాకు కనపడలేదు. ఈ గ్రంథం 1916లో బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో మొదటి సంపుటంగా వెలువడినది. మన కళాశాలలలో దీనిని అలంకారశాస్త్రంగా పాఠం చెబుతున్నాము. ఆచరణగ్రంథంగా కూడ చెప్పవలె.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి విన్నవించకపోతే ఈ వ్యాసం పరోపదేశమే అవుతుంది.

మా ఊరు మంగళగిరి. శ్రీకృష్ణదేవరాయల కాలపు స్తంభశాసనం ఒకటి ఇక్కడ ఉన్నది. గజపతుల ఏలుబడిలో ఉన్న కొండవీటిని సాళ్వ తిమ్మరుసు పట్టుకొన్న తిథివారాదులు అందులో ఉన్నవి. ల్యూడర్స్ పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికా ఆరవ సంపుటంలో ప్రకటించినాడు. తిమ్మరుసు మేనల్లుడై కొండవీటిని పాలించిన నాదిండ్ల గోపమంత్రి ప్రబోధచంద్రోదయ నాటకానికి చంద్రిక అనే వ్యాఖ్య వ్రాసినవాడు. అందువల్ల సంస్కృతాంధ్రాలు రెండూ చదివేవారికి ఈ శాసనాలు చరిత్రకే కాక సాహిత్యానికి కూడ ఆకరాలు.

అధ్యాపక వృత్తిలో ప్రవేశించిన కొత్తలో ఈ విషయం మీద నేనొక వ్యాసం వ్రాసినాను. వ్రాసినాను అనడం కంటె కుదిర్చినాను అనడం నిజం. ఒకరి పుస్తకంలో శాసనశ్లోకంలోని ఒక భాగం మాత్రమే ఉదాహరింపబడి ఉన్నది. అందులో ‘హరివాసరం’ అనే మాట ఉన్నది. హరిశబ్దానికి నిఘంటువులలో సూర్యుడనే అర్థం కూడ ఉన్నది గదా! వాసరమంటే దినం. నా పాండిత్యం రెక్కలు విప్పినది. కొండవీటి విజయం ఆదివారంనాడు జరిగినదని వ్రాసి, దానిమీద అరపుట వ్యాఖ్యానం కూడ చేసి, ఒక్క రాత్రిలో శుద్ధప్రతి తయారుచేసి పత్రికకు పంపినాను. అచ్చయినది. సంతోషంతో మా గురువుగారికి చూపించినాను.

ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, “ఏమోయ్, రాయిని చూచి వ్రాసినావా, పుస్తకాన్ని చూచి వ్రాసినావా?” అన్నారు.

“పుస్తకాన్ని చూచేనండీ” అన్నాను.

“ఆ రాయి ఉన్నది ఏ ఊళ్లో?”

నేను మాట్లాడలేదు.

“ఏకాదశికి ఉపవాసముండే ఇంట పుట్టినవాడివి. హరివాసరమంటే ఆదివారం ఎట్లా అయినది నాయనా?”

శాసనపాఠాన్ని పూర్తిగా చూచినపుడు అందులో శనివారమని స్పష్టంగా ఉన్నది. శాలివాహన శకం 1437, యువ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశి, శనివారం. అది క్రీ.శ. 1515 జూన్ 23కు సరిపోతుంది. లెక్క కట్టి చూస్తే ఆ తేదీ శనివారమే అవుతుంది. నేను చేయవలసిన పరీక్షలు రెండే: పూర్తి పాఠం చూడడం, వారం లెక్కకట్టడం. రెండింటికీ కలిపి ఒక పూట చాలు. ఆ పూటను నేను మిగుల్చుకొన్నాను.

తరువాతి సంచికలో చిన్న అక్షరాలతో నా సవరణ పడినది. దానిని ఎందరు చూచినారో గాని, ఇరువదేండ్ల తరువాత పరీక్షకుడనుగా నా వద్దకు వచ్చిన ఒక సిద్ధాంతవ్యాసంలో కొండవీటి విజయం మళ్లీ ఆదివారమే జరిగినది. దానికి ఆధారంగా చూపినది నా వ్యాసమే. నా తప్పు నాకే ప్రమాణంగా తిరిగివచ్చినది. ఆ విద్యార్థిని ఏమనను? అతడు చేసినది నేను చేసినదే. ఆనాటినుండి చిత్తుప్రతి లేకుండ నేనొక పుట కూడ అచ్చుకు పంపలేదు.

ఇక చిత్తుప్రతి ఎట్లా ఉండవలె? నాకు తోచిన పద్ధతిని చెబుతాను. ఇది మన శాస్త్రాలలో ఉన్నదే.

మొదటిది, వ్రాయడానికి పూర్వమే మొదటి పుట శిరోభాగాన ఒక్క ప్రశ్నవాక్యం వ్రాసుకోవలె. పూర్వమీమాంసలో ప్రతి అధికరణానికీ విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని అంగాలు ఉన్నవి. మన వ్యాసాలలో విషయం ఉంటుంది, సిద్ధాంతం ఉంటుంది. నడుమ ఉండవలసిన సంశయం కనపడదు. సంశయం లేనిచోట విచారమే పుట్టదని మీమాంసకుల మతం. ‘మంగళగిరి శాసనాలు, ఒక పరిశీలన’ అనేది శీర్షిక కావచ్చునుగాని ప్రశ్న కాదు. ‘ఈ శాసనంలోని హరివాసరశబ్దం తిథివాచకమా, వారవాచకమా?’ అనేది ప్రశ్న. ఇట్టి ప్రశ్న పుట్టని విషయం మీద వ్యాసం వ్రాయనవసరం లేదు.

రెండవది, చిత్తుప్రతికి ఎడమవైపు నాలుగు వేళ్ల అంచు విడువవలె. ప్రతి వాక్యానికీ ఎదురుగా ఆ అంచులో దాని ప్రమాణాన్ని ఒక్క అక్షరంతో గుర్తించవలె. తాను కంటితో చూచినది ‘ప్ర’, గ్రంథం వల్ల తెలిసినది ‘శ’, ఊహించినది ‘అ’, జనశ్రుతి ‘ఐ’. ప్రత్యక్షం, శబ్దం, అనుమానం, ఐతిహ్యం అని తర్కసంగ్రహం మొదలు పౌరాణికుల మతం వరకు మనం నోటికి వల్లిస్తున్న ప్రమాణాలు ఇవే. పరీక్షలో అడిగితే చెబుతాము, వ్యాసం వ్రాసేటపుడు వాడము.

ఉదాహరణకు మా ఊరి గాలిగోపురాన్నే తీసికొందాము. దానికి పదకొండు అంతస్తులున్నవన్నది ప్రత్యక్షం, వీధిలో నిలబడి లెక్కపెట్టవచ్చును. రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807, 1809 సంవత్సరాల నడుమ కట్టించినాడన్నది గ్రంథస్థం, ఏ గ్రంథమో అంచులో వ్రాసుకోవలె. గోపురం ఒక వైపు ఒరిగితే ఎదుట కోనేరు త్రవ్వించగా తిరిగి నిటారుగా నిలిచినదన్నది జనశ్రుతి. కొండ పూర్వం అగ్నిపర్వతమనీ, దానిని శాంతింపజేయడానికే పానకం పోయడం ఆచారమైనదనీ చెప్పేది ఊహ. ఈ నాలుగూ మంగళగిరి మీద వ్రాసిన వ్యాసాలలో ఒకే స్వరంతో, ఒకే పేరాలో నిశ్చితార్థాలుగా కనపడుతున్నవి. జనశ్రుతిని వ్రాయకూడదని నేననను. దానిని జనశ్రుతిగా వ్రాయవలె. అంచులో ‘ఐ’ అనే అక్షరం పడిననాడు శుద్ధప్రతిలో ‘అని పెద్దలు చెప్పుకొంటారు’ అనే మాట దానంతట అదే చేరుతుంది. ఏ అక్షరమూ పెట్టలేని వాక్యం ఉంటే దానిని కొట్టివేయవలె.

మూడవది, ఉదాహరించిన ప్రతి పాఠాన్నీ మూలంతో పోల్చి, పోల్చిన తేదీని అంచులో వేయవలె. మూలం దొరకదనే సాకు ఈనాడు అంతగా చెల్లదు. వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వతనికేతనం మనకు బస్సుదూరంలోనే ఉన్నది. కదలలేనివారికి పాత సంపుటాలెన్నో అంతర్జాలంలో కూడ దొరుకుతున్నవి. శకసంవత్సరాలను మార్చేటపుడు చైత్రం నుండి డిసెంబరు వరకు 78, ఆ తరువాత ఫాల్గుణాంతం దాకా 79 కలపవలెననే చిన్న సంగతిని మరచి మాఘమాసపు శాసనాలకు ఒక సంవత్సరం వెనుకటి తేదీ వేసిన వ్యాసాలు నేను చాల చూచినాను. అట్టి లెక్కలన్నీ చిత్తుప్రతిలో విడమరచి వేయవలె. ఫలితం మాత్రమే శుద్ధప్రతికి పోవలె.

నాలుగవది, వ్రాసిన చిత్తును పక్షం రోజులు కదలించకుండ ఉంచి, ఆపైన పైకి చదవవలె. చెవికి తట్టే పునరుక్తి కంటికి తట్టదు. కౌటిల్యుడు శాసనలేఖన ప్రకరణంలో చెప్పిన వ్యాఘాతం, పునరుక్తం, అపశబ్దం మొదలైన దోషాలను ఒక్కొక్కదానికి ఒక్కొక్క పఠనంగా వెదకడం మంచిది. అన్ని దోషాలనూ ఒకే చదువులో పట్టబోతే ఒక్కటీ పట్టుబడదు. పిమ్మట ఒక సహాధ్యాయికి వినిపించవలె. పాఠశాలలో సాయంకాలం చింతనకు కూర్చున్నపుడు ఒకడు పాఠం చెప్పడం, తక్కినవాడు ఆక్షేపించడం ఉండేది. అదే మా చిత్తుప్రతి. నోటితో వ్రాసి, నోటితోనే కొట్టివేసేవారము. ఆ చింతన పోయినది, దాని స్థానంలో కాగితం మీది చిత్తుప్రతి రాలేదు. నేటి లోపమంతా ఈ నడిమి ఖాళీలోనే ఉన్నది.

ఇక పూర్వపక్షాలు. యంత్రం మీద వ్రాసినపుడు ఎన్నిసార్లయినా దిద్దవచ్చును గదా, చిత్తు, శుద్ధం అనే భేదమెందుకు అని కొందరు అడుగుతారు. దిద్దవచ్చును, నిజమే. కాని యంత్రంలో దిద్దినది దిద్దిన గుర్తు లేకుండ మాయమవుతుంది. హంసపాదం మిగలదు. నిన్న ఏమనుకొన్నానో, ఈనాడు ఎందుకు మార్చుకొన్నానో రేపు నాకే తెలియదు. యంత్రం మీద వ్రాసేవారు వ్రాయనిండు. వారానికొక ప్రతిని తేదీ వేసి వేరుగా దాచి, అచ్చు తీసి, అంచులో కలంతో దిద్దుకొంటే చాలు. ఇప్పుడు అడిగిన విషయం మీద శుద్ధప్రతినే నిమిషంలో అల్లి ఇచ్చే యంత్రాలు కూడ వచ్చినవి. వాటి వాక్యాలకు అంచులో ఏ అక్షరం పెడతామో ఆలోచించుకోవలె. ‘ప్ర’ కాదు, ‘శ’ కాదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో చేసిన నిబంధనలున్నవి, గ్రంథచౌర్యాన్ని యంత్రమే పట్టుకొంటుంది, మరి చిత్తుప్రతి దేనికి అని మరికొందరంటారు. ఆ నిబంధనల ప్రకారం నూటికి పది వంతులవరకు సామ్యం ఉపేక్షణీయం. పదికి పైన నలుబదివరకైతే దిద్ది ఆరునెలలలో మళ్లీ సమర్పించవలె. అరువది దాటితే నమోదే రద్దవుతుంది. ఇవి అవసరమైన నియమాలే. కాని యంత్రం సామ్యాన్ని కొలుస్తుంది, ప్రమాణాన్ని కొలవదు. నా ఆదివారాన్ని ఏ యంత్రమూ పట్టుకొనేది కాదు. అది దొంగిలించినది కాదు, అచ్చమైన నా సొంత తప్పు.

మూడవ పూర్వపక్షం నాకు నిజంగా కష్టం కలిగించేది. విద్యార్థులకు తీరిక లేదు. పొలంపనుల రోజులలో ఇంటికి పోయి పత్తి తీసేవారూ, మిరపకోతకు పోయేవారూ మన తరగతులలో ఉన్నారు. నిజమే. కాని ఆ ఇంటివారే మిరపను కళ్లంలో ఎండబోసి, తాలుకాయను ఏరకుండ గుంటూరు యార్డుకు తోలరు. మా ఊరి నేతవారు పడుగు సాచి, గంజి పెట్టి, తెగిన పోగు అతకకుండ మగ్గానికి ఎక్కించరు. తీరిక లేదని ఆ పని మానరు. మానితే తరువాత పోయే కాలం ఇంకా ఎక్కువని వారికి తెలుసు. ఆ తెలివి వారి బిడ్డలకు మనం కొత్తగా నేర్పనక్కరలేదు. అది వ్రాతకు కూడ వర్తిస్తుందని చూపితే చాలు. అందుకు ఏడాదికి నాలుగు వ్యాసాలు అడగడం మాని ఒక్కటి అడుగుదాము.

కళాశాలలకు నా ప్రార్థన ఇది. వ్యాసంతోపాటు చిత్తుప్రతిని కూడ సమర్పించవలెననే నియమం పెట్టండి. మౌఖికపరీక్షలో శుద్ధప్రతి మీద కాక చిత్తుప్రతి మీద ప్రశ్నలు వేయండి. కొట్టివేతలను చూచి మార్కులు తగ్గించకండి, పెంచండి. అధ్యాపకులు ముందుగా తమ చిత్తుప్రతులను తరగతిలో చూపండి. గురువు తప్పు దిద్దుకొనడం చూచిన శిష్యుడు తన తప్పు దాచుకోడు. మనవి చిన్న కళాశాలలు. మన పత్రికలు చదివేవారు కొద్దిమంది. అందుచేతనే మన బాధ్యత ఎక్కువ. పెద్ద విషయాలలో పొరపాటు జరిగితే దిద్దేవారు పదిమంది ఉంటారు. ఒక గ్రామశాసనాన్ని గురించి, ఒక తాళపత్రాన్ని గురించి మనం తప్పు వ్రాస్తే, దానిని మరల చూచేవారు మరి ఇరువదేండ్లకు గాని రారు. వచ్చినవారు కూడ రాయిని కాక మన వ్యాసాన్నే చూస్తారు.

ఇప్పుడు నేను పంపుతున్న ఈ వ్యాసానికి కూడ చిత్తుప్రతి ఉన్నది. మొదటి పంక్తిలోనే హంసపాదు పడినది. అంచులోని అక్షరాలతో సహా అది నా వద్ద భద్రంగా ఉన్నది. ఇందులో దోషమేదైనా కనిపెట్టిన విజ్ఞులు దానిని నిస్సంకోచంగా తెలియజేయవలెనని వేడుకొంటున్నాను. ఆ దోషం ఏ అంచు అక్షరం దగ్గర ప్రవేశించినదో వెదకి, ఈ పత్రికాముఖంగానే విన్నవించుకొంటాను.